త్రీనాట్‌త్రీ కొనబోతున్నవాళ్లకు: ముందు బోల్టు నంబరు చూడండి

‘పాత మిలిటరీ రైఫిల్ కొనేటప్పుడు పార్టులన్నిటి మీదా ఒకే నంబరు ఉందో లేదో ఎలా చూడాలి? అమెరికాలో ఉన్న తెలుగువాళ్లెవరైనా కొన్నారా?’ అని ఒకరు అడిగారు. నేను కొన్నాను. అంతకుముందు ఒకసారి మోసపోబోయి ఆఖరి నిమిషంలో ఆగాను.

నాకు బాగా తెలిసింది ఒక్క రకమే. మనవాళ్లు త్రీనాట్‌త్రీ అనే లీ-ఎన్‌ఫీల్డ్ మార్క్ 3 స్టార్, అందులోనూ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైనవి. మా తాతయ్య ఆర్మ్‌డ్ రిజర్వులో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. తన రైఫిల్ నంబరు ఇప్పటికీ గడగడా చెబుతారు. ‘ఆయుధాల గదిలో, అదే బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో రైఫిళ్లు ఒకచోట, బోల్టులు ఒకచోట పెట్టి తాళం వేసేవాళ్లంరా. డ్యూటీకి తీసేటప్పుడు దేని బోల్టు దానికే పెట్టాలి. తప్పు బోల్టుతో పరేడ్‌కొస్తే ఆర్ఐ (రిజర్వ్ ఇన్‌స్పెక్టర్) గారు ఊరుకునేవారు కాదు’ అని చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు. మ్యాచింగ్ గురించి, అంటే పార్టులన్నిటి మీదా ఒకే నంబరు ఉండటం గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

బోల్టంటే తూటాని లోపలికి తోసి వెనక నుంచి మూసే ఇనుప కడ్డీ. దానికి ఎందుకంత పట్టింపంటే, తూటా పేలినప్పుడు వెనక్కి వచ్చే తోపుడంతా దాని మీదే పడుతుంది. ఫ్యాక్టరీలో ఒక్కో బోల్టును దాని రైఫిల్‌కి సరిపోయేలా చూసి బిగించి, అప్పుడు నంబరు కొట్టేవారు. వేరే బోల్టు పెడితే తూటా అంచు కూర్చునే సందు పెరగొచ్చు. ఆ సందు 0.064 నుంచి 0.074 అంగుళం మధ్యలో ఉండాలి. దాటితే తూటా గుల్ల లోపలే తెగిపోయే ప్రమాదం ఉంది. నంబర్లు కలిసినా సరే, ఆ సందు కొలిచే గేజ్ పెట్టి చూడకుండా కాల్చొద్దు. చేతిలోకి తీసుకోగానే మ్యాగజైన్ తీసి, తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా ఉందో లేదో చూడటం ఎలాగూ తప్పదు.

ఈ రైఫిల్‌కి నంబరు వెతకాల్సిన చోట్లు ఇవి. చాంబర్ పైన రిసీవర్ (బోల్టు కదిలే ఇనుప గూడు) కుడివైపు ఒకటి, దానికి ఆనుకునే బ్యారెల్ మీద ఒకటి, బోల్టు పిడి మొదట్లో వెనకవైపు ఒకటి. గురి చూసే వెనక సైట్ పలక పైకి లేపితే అడుగున ఒకటి కనిపిస్తుంది. మూతి దగ్గరుండే నోస్‌క్యాప్ మీద ఒకటి, దాని వెనకే ముందు చెక్క అడుగున ఒకటి. అమ్మేవాళ్లు ‘ఆల్ మ్యాచింగ్’ అని రాసి రెండే రెండు చోట్ల ఫొటోలు పెడతారు. నాకు ఇది చూస్తే ఒళ్లు మండుతుంది. ఆరు చోట్లా ఫొటోలు అడగండి. పంపకపోతే ఆ బేరం వదిలేయండి.

ఇక జరిగింది చెబుతాను. 2019లో డాలస్ దగ్గర ఒక గన్ షోకి వెళ్లాను. ఒక టేబుల్ మీద 1942 ఇషాపూర్ రైఫిల్ కనిపించింది. కిరీటం, దాని కింద జార్జి రాజు ముద్ర జి.ఆర్.ఐ., ఇషాపూర్, సంవత్సరం, అన్నీ చక్కగా చదవొచ్చు. రిసీవర్, బ్యారెల్, బోల్టు మూడింటి మీదా ఒకటే నంబరు. 650 డాలర్లు చెప్పాడు అమ్మేవాడు. గుండె దడదడలాడింది. తాతయ్య సర్వీసులో చేరినప్పుడు ఇచ్చిన రైఫిల్ కూడా 1942దే. పర్సు తీశాను.

మళ్లీ ఒకసారి చూద్దామని ఫోన్ టార్చ్ ఏటవాలుగా పట్టి బోల్టు పిడి చూశాను. రిసీవర్ మీది అంకెల అంచులు అరిగి నున్నగా ఉన్నాయి, సందుల్లో పాత నూనె మురికి నల్లగా గట్టిపడి ఉంది. బోల్టు మీది అంకెల లోపల మాత్రం ఇనుము తెల్లగా మెరుస్తోంది. గోరు పెట్టి గీస్తే అంచు గీరుకుంది. డెబ్బై ఏళ్లు వందల చేతులు పట్టుకుని లాగిన పిడి మీద అంత పదునైన అంకె ఎలా ఉంటుంది? పైగా అంకెల చుట్టూ ఇనుము కొద్దిగా లోపలికి పల్లంగా ఉంది, నల్ల పూత కూడా అక్కడ ఊదారంగు కొడుతోంది.

మన దగ్గర సెకండ్‌హ్యాండ్ బండికి ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దుతారు కదా, అదే చేశాను. ఆయన కాదనలేదు. రిసీవర్ మీది 4 పైన తెరుచుకుని ఉంది. బోల్టు మీది 4 పైన మూసుకుని ఉంది. ఆ మూసుకున్న 4 పక్కన, అరగదీయగా మిగిలిన ఇంకేదో అంకె తోక సన్నగా కాగితం మీదకి వచ్చింది. సైట్ పలక లేపితే అడుగున వేరే నంబరు. ‘ఇది ఆర్మీ ఆర్మరర్ (ఆయుధాలు బాగుచేసేవాడు) చేసిన పనే’ అన్నాడాయన. ఆర్మరర్ ఎప్పుడో కొట్టిన నంబరైతే దానికీ రైఫిల్‌తో పాటు వయసొచ్చి ఉండాలి. అది మొన్న కొట్టిన నంబరు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

నంబరు మార్చడమే తప్పని నేననను. మిలిటరీ వర్క్‌షాపుల్లో బోల్టు మారిస్తే పాత నంబరు మీద గీత కొట్టి పక్కన కొత్తది కొట్టిన రైఫిళ్లు బోలెడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత రష్యన్లు మోసిన్ రైఫిళ్లని రిపేరు చేసి బోల్టుల మీద కొత్త నంబర్లు కొట్టారు. అది కూడా ఆ రైఫిల్ బతుకులో భాగమే. నా లెక్కలో గీత కొట్టిన బోల్టున్న రైఫిల్, ఇంట్లో అరగదీసి నంబరు కొట్టిన ‘మ్యాచింగ్’ రైఫిల్ కంటే వంద రెట్లు మేలు. జర్మన్ మౌజర్ సేకరించేవాళ్లు ఒప్పుకోరు. వాటికి స్క్రూల మీద కూడా చివరి రెండు అంకెలు ఉంటాయి, ఒక్కటి తేడా వచ్చినా ధర పడిపోతుంది. ఆ కొలబద్ద పట్టుకుని మన త్రీనాట్‌త్రీని కొలవకండి. ఇది 1962 చైనా యుద్ధంలో మన జవాన్లు మోసిన రైఫిల్. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ పరేడ్‌తో గానీ దీన్ని వదల్లేదు. అన్నేళ్లు పనిచేసిన దానికి పార్టులు మారకుండా ఎలా ఉంటాయి?

ఇంకో మాట. దయచేసి చెక్కకి ఉప్పుకాగితం పెట్టకండి. కొత్తగా కొన్నవాళ్లు మెరవాలని రుద్ది వార్నిష్ కొడుతున్నారు. చెక్క మీది నంబరు, గుద్దిన గుర్తులు, రంగు చారలు అన్నీ ఆ దుమ్ములోనే పోతాయి. మళ్లీ రావు.

చట్టం సంగతికొస్తే, అమెరికా ఫెడరల్ చట్టంలో యాంటిక్ అంటే 1898 లేదా అంతకుముందు తయారైనదే. మార్క్ 3 ఆ లెక్కలోకి రాదు, 50 ఏళ్లు దాటింది కాబట్టి ‘క్యూరియో’ (సేకరించదగ్గ పాత ఆయుధం) కిందికి వస్తుంది. సేకరించేవాళ్లకి మూడేళ్లకి 30 డాలర్ల లైసెన్సు ఒకటుంది, నేను అదే తీసుకున్నాను. ఇండియాలో ఉన్న మిత్రులకి మాత్రం, .303 అక్కడ నిషిద్ధ బోరు, అంటే మామూలు పౌరులకి అనుమతి లేని సైజు. ‘ఒకటి తెప్పించుకోవచ్చా’ అని నాకు మెసేజీలు పెట్టకండి.

2021లో దొరికింది నా రైఫిల్. 1943 ఇషాపూర్. బోల్టు మీద పాత నంబరుకి గీత, దాని కిందే రిసీవర్ నంబరు. గీతలోనూ అంకెల్లోనూ ఒకేలా నల్లబడిన మురికి. నోస్‌క్యాప్ వేరేది, అమ్మినాయన ఆ మాట తనే ముందు చెప్పాడు. గేజ్ పెట్టించి చూసుకుని కొన్నాను.

ఇంటికి తెచ్చిన రోజు తాతయ్యకి వీడియో కాల్ చేశాను. రైఫిల్ చూపించగానే కళ్లజోడు తుడుచుకున్నారు.

‘నంబరు చదవరా.’ చదివాను.

‘బోల్టు?’

‘అదే నంబరు తాతయ్యా. పాతదానికి గీత కొట్టారు.’

‘వర్క్‌షాపు పని అది. సరే, మడమ మూత తియ్యి.’

భుజానికి ఆనే చివర ఉన్న ఇత్తడి పలకలోని మూత తెరిస్తే లోపల నూనె సీసా, చుట్టిపెట్టిన, బ్యారెల్ తుడిచే పుల్‌త్రూ తాడు ఉన్నాయి. అవి ఉన్నట్టు అమ్మినాయన కూడా చూసుకోలేదు. తాతయ్య ఫోన్ పెట్టనివ్వలేదు. గుడ్డముక్క ఎంత వెడల్పు ఉండాలో, తాడు ఏ వైపు నుంచి లాగాలో చెబుతూ, బ్యారెల్ అద్దంలా కనబడేదాకా అరగంట శుభ్రం చేయించారు.