ఎస్సిటాలోప్రామ్ వాడుతూ నిద్ర కోసం 5-హెచ్‌టీపీ వేసుకోవచ్చా?

ప్రశ్న: హన్మకొండలో గ్రూప్స్‌కు చదువుతున్నాను. టెన్షన్‌కు డాక్టర్ ఎస్సిటాలోప్రామ్ రాశారు. సాయంత్రం ఏడింటికి జిమ్. దానికి ముందు తాగే ప్రీ-వర్కౌట్ పొడి, కండల కోసం బీసీఏఏ (కొన్ని అమైనో ఆమ్లాల పొడి) వాడుతున్నాను. రాత్రి నిద్ర పట్టడం లేదు. 5-హెచ్‌టీపీ అనే సప్లిమెంట్ వేసుకొమ్మని ట్రైనర్ అంటున్నాడు. మంచిదేనా?

జవాబు: వద్దు తమ్మీ. ఆ గోలీ వాడుతున్నన్ని రోజులు 5-హెచ్‌టీపీ జోలికి పోకు. అది ఒంట్లోకి పోయి సెరటోనిన్‌గా, అంటే మూడ్, నిద్ర మీద పనిచేసే రసాయనంగా మారుతుంది. నీ గోలీ పని కూడా సెరటోనిన్ మీదే. రెండూ కలిసి మోతాదు మించితే వణుకు, చెమటలు, గుండెదడ, విరేచనాలు, జ్వరం. ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. ఒంట్లో సెరటోనిన్ తయారయ్యేది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచే, దాని మాత్రలకూ ఇదే మాట. అట్లని గోలీని సొంతంగా ఆపకు, అది వేరే తలనొప్పి.

నాది గోదావరిఖని, సింగరేణిలో షిఫ్టు డ్యూటీ. నైట్ షిఫ్టు దిగి వచ్చి పడుకుంటే బయట ఎండ, పక్కింట్లో మిక్సీ. అందుకే గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం పొడి వాడి చూశాను. పడుకునే ముందు 3 గ్రాములు నీళ్లలో కలిపి తాగడమే, తియ్యగా ఉంటుంది. పరిశోధనల్లో ఇచ్చిందీ అంతే, కానీ అవన్నీ కొద్దిమంది మీద చేసినవి. ఒంటి లోపలి వేడిని కాస్త తగ్గిస్తుందట. నాకైతే లేచాక తలబరువు తగ్గింది, నిద్ర గంటలు మాత్రం పెరగలేదు. నిజం చెప్పాలంటే కిటికీకి నల్ల దుప్పటి కట్టాక వచ్చిన తేడానే ఎక్కువ. టీ ఆకులో ఉండే థియనిన్ కూడా 200 మిల్లీగ్రాములు వేసుకున్నాను. మనసు కుదుటపడినట్టు ఉండేది, నిద్ర మాత్రం రాలేదు.

నాకు అనుమానం నీ ప్రీ-వర్కౌట్ మీదే. డబ్బా తిప్పి కెఫీన్ ఎంతో చూడు. చాలావాటిలో ఒక్క స్కూప్‌కే 150 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒంట్లో అది సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు. ఏడింటికి తాగితే అర్ధరాత్రికి ఇంకా సగం మిగిలే ఉంటుంది, ఇక కన్ను ఎట్లా మూతపడుతుంది? బీసీఏఏ కూడా ట్రిప్టోఫాన్‌తో పోటీపడి మెదడులోకి దూరే రకం. పప్పు, గుడ్డు, పాలు సరిగ్గా తింటుంటే దానికి డబ్బులు దండగ అని నా అభిప్రాయం. ట్రైనర్‌కు కోపం వస్తే రానీ.

ముందు సాయంత్రం స్కూప్ ఆపి చూడు. డబ్బాల ఫొటోలు తీసి మీ డాక్టర్‌కు చూపించు. ఎస్సిటాలోప్రామ్‌తోనే కొందరికి నిద్ర చెడుతుంది. నువ్వు రాత్రి వేసుకుంటుంటే పొద్దునకు మార్చుకోవచ్చా అని కూడా ఆయన్నే అడుగు.