ఫ్లాట్‌లో బొంతలు కుట్టే మిషన్ పడుతుందా? ఏది కొనాలి?

హైదరాబాద్‌లో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్, చిన్న గది పది అడుగులే అని రాశారు. ఫ్రేమ్ మీద నడిచే లాంగ్‌ఆర్మ్ మిషన్ మాత్రం వద్దండీ. డబుల్ కాట్ బొంతకు సరిపడే ఫ్రేమే పది, పన్నెండు అడుగుల పొడవుంటుంది. చుట్టూ తిరగడానికి చోటు వేరే కావాలి.

మీకు టేబుల్ మీద పెట్టుకునే మిషన్ చాలు. కొనేముందు సూదికీ కుడివైపు స్తంభానికీ మధ్య ఖాళీని టేపుతో కొలవండి. మామూలు ఇంటి మిషన్లలో అది ఆరేడు అంగుళాలే. చుట్టిన బొంత సగం అందులోంచే దూరాలి కాబట్టి, తొమ్మిది నుంచి పదకొండు అంగుళాలు ఉన్నది చూడండి. కుట్టు రకాలు రెండు వందలు ఉన్నాయంటారు, వాటితో మనకు పని లేదు. వాకింగ్ ఫుట్ అనే ప్రత్యేక పాదం (సూది పక్కన గుడ్డను అదిమి పట్టే భాగం) ఉంటే పై గుడ్డ, దూది, కింది గుడ్డ కలిసి జరుగుతాయి, ముడతలు పడవు. గుడ్డను జరిపే పళ్ళు కిందికి దిగాలి, లేకపోతే పూలు, లతలు చేత్తో తిప్పి కుట్టడం కష్టం. విదేశాల నుంచి తెప్పిస్తే 230 వోల్టులదేనా అని అడగండి. అమెరికా మిషన్లు 120 వోల్టులవి.

ఇక చోటు. టేబుల్‌ను గది మూలకు పెట్టండి, ఎడమ పక్కా వెనకా గోడలు రావాలి. లేదంటే బొంత బరువు కిందికి వేలాడి సూది విరగొచ్చు, కుట్లు వంకర పోతాయి. మిషన్ మీద గుడ్డ జరిగే తలం టేబుల్‌తో సమంగా ఉండేలా, వడ్రంగితో టేబుల్ చెక్కలో మిషన్ దిగేంత ఖాళీ కోయించండి. బొంత పరిచి పిన్నులు పెట్టడానికి హాల్లో నేల చాలు.