ఎద్దులు లాగితే బండ ఎలా కదులుతుంది?

ప్రశ్న: ఎద్దులు బండను ఎంత బలంతో లాగితే, బండ కూడా వాటిని అంతే బలంతో వెనక్కి లాగుతుందని న్యూటన్ మూడో నియమం కదా. మరి పోటీల్లో బండ ఎలా కదులుతోంది మాస్టారూ?
– 9వ తరగతి విద్యార్థి, ఒంగోలు

జవాబు: నేను పాఠం చెప్పే రోజుల్లో ఏటా ఎవరో ఒకరు ఇది అడిగేవారు బాబూ. ఎవరూ అడగకపోతే నాకే టెన్షన్, క్లాసు వింటున్నారా లేదా అని!

ఆ రెండు బలాలూ సమానమే. కానీ ఒకటి బండ మీద, రెండోది ఎద్దుల మీద పనిచేస్తాయి. అందుకే ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. బండ సంగతి తేలాలంటే బండ మీది బలాలే లెక్కెయ్యి. 1,000 కిలోల బండను గొలుసు 5,000 న్యూటన్లతో ముందుకు లాగుతోంది, నేల ఘర్షణ 4,800 న్యూటన్లతో ఆపుతోంది అనుకో. మిగిలింది 200. దాన్ని బండ బరువు 1,000 కిలోలతో భాగిస్తే త్వరణం, అంటే వేగం పెరిగే రేటు, 0.2 మీ/సె². అందుకే బండ కదులుతుంది.

మరి ఎద్దుల్ని ముందుకు తోసేదేది? నేలే! గిట్టలు నేలను వెనక్కి నెడతాయి, నేల ఘర్షణతో వాటిని ముందుకు నెడుతుంది. బురదలో గిట్టలు జారితే ఎంత బలమైన ఒంగోలు జతైనా బండను కదపలేదు.

పరీక్షలో ‘సమానం, వ్యతిరేకం’ అని రాసి ఆపేయకు. ‘వేర్వేరు వస్తువుల మీద’ అని కూడా రాయి. చాలామందికి మార్కు అక్కడే పోతుంది.