మా అబ్బాయికి ఛాతీ ఎత్తుగా వస్తోంది.. ఆపరేషన్ చేయించాలా?

ప్రశ్న: మాది కావలి. మా బాబుకు 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. కొన్ని నెలలుగా ఎవరి ముందూ చొక్కా విప్పడం లేదు. ఆదివారమైతే తుమ్మలపెంట బీచ్‌కు పోదామని గోల చేసేవాడు, ఇప్పుడు పిలిచినా రాడు. పీటీ పీరియడ్ ఎగ్గొడుతున్నాడట. ఏమడిగినా విసుక్కుంటాడు. ఈమధ్య వాళ్ల నాయనమ్మతో ఛాతీలో నొప్పిగా ఉందన్నాడు. చూస్తే రొమ్ములు రెండువైపులా కాస్త ఎత్తుగా ఉన్నాయి. బ్రాయిలర్ కోడి తినడం వల్లేనని మా తోటికోడలు అంటోంది. ఆపరేషన్ చేయించాలా? – ఓ తల్లి

జవాబు: అమ్మా, ఆపరేషన్ మాట ఇప్పుడే వద్దు. మీరు రాసినదాన్ని బట్టి ఇది ఈడొచ్చే మగపిల్లల్లో మామూలుగా కనిపించే మార్పులాగే ఉంది. గైనకోమాస్టియా అంటాం. ఆ వయసులో ఇంచుమించు సగం మందికి ఎంతో కొంత వస్తుంది. సిగ్గుతో చెప్పుకోరు, అంతే.

మగపిల్లల ఒంట్లోనూ ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ కొద్దిగా ఉంటుంది. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పూర్తిగా పెరిగేలోపు కొన్నాళ్లు దాని ప్రభావం ఎక్కువగా కనిపిస్తుంది. అప్పుడు చనుమొన కింద రూపాయి బిళ్లంత గట్టిగా తగులుతుంది, ముట్టుకుంటే నొప్పి. చాలామందికి 6 నెలల నుంచి 2 ఏళ్లలోపు దానంతటదే తగ్గిపోతుంది. మాటిమాటికీ నొక్కి చూసుకోవద్దని చెప్పండి. ఆయిల్స్, క్రీములు రాసినా ఉపయోగం లేదు.

కోడి మీద నింద వేయకండి. బ్రాయిలర్ తొందరగా పెరిగేది జాతి వల్ల, దాణా వల్ల. హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారన్నది పుకారే. (అయినా నెల్లూరు జిల్లాలో ఉండి చేపల పులుసు వదిలి బ్రాయిలర్ దాకా ఎందుకు వెళ్లారో!) బాబు బరువు ఎక్కువుంటే మాత్రం అది కొవ్వు కూడా కావచ్చు. అప్పుడు ఆటలే మందు.

ఒకసారి పిల్లల డాక్టర్‌కు చూపించండి. మీ ఏరియా ఆసుపత్రిలోనైనా సరే. చూడగానే చాలావరకు తెలిసిపోతుంది, అందరికీ రక్తపరీక్షలు అక్కర్లేదు. గడ్డ రాయిలా ఉన్నా, చనుమొన నుంచి నీరు గానీ రక్తం గానీ వస్తున్నా, వేగంగా పెరుగుతున్నా, వృషణంలో గడ్డ తగిలినా ఆలస్యం చేయొద్దు. 2 ఏళ్లు దాటినా తగ్గకపోతే అప్పుడు సర్జన్ సలహా తీసుకుందాం.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వాడి విసుగు. దాన్ని పొగరనుకోకండి. బడిలో ఎవరో ఒకరు 'ఆడపిల్లలా ఉన్నావేరా' అని ఉంటారు. ఇంట్లో కూడా బాబాయిలో, బావలో నవ్వులాటకు అదే మాట అంటే ఇక వాడికి చెప్పుకునే దిక్కుండదు. ఈ విషయం చుట్టాల మధ్య చర్చకు పెట్టడం ఈరోజే ఆపండి, తోటికోడలితో సహా. వాళ్ల నాన్నగానీ, వాడికి చనువున్న మేనమామగానీ పక్కన కూర్చోబెట్టుకుని 'ఈ వయసులో చాలామందికి వస్తుంది, పోతుంది' అని చెబితే బాగుంటుంది. మీరు పదేపదే అడిగితే ఇంకా ముడుచుకుపోతాడు. లోపల బనియన్, పైన కాస్త వదులు చొక్కా వేసుకోనివ్వండి. పీటీ సార్‌తో విడిగా మాట్లాడండి. డాక్టర్ దగ్గర బాబుతో ఒంటరిగా మాట్లాడే అవకాశమివ్వండి. జిమ్ పౌడర్లు, ఇంజెక్షన్లు వాడుతుంటే అప్పుడే బయటికొస్తుంది. కొన్ని స్టెరాయిడ్ల వల్ల కూడా ఇలా అవుతుంది.

తిండి, నిద్ర తగ్గినా, బడికే పోనన్నా, బతకాలని లేదన్నా అది వేరే సంగతి. వెంటనే మానసిక వైద్యులకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.