చికాగో నుంచి డాలస్‌కు మారుతుంటే ఎల్‌పీఎన్ లైసెన్సు సంగతేంటి?

చికాగోలో ఎల్‌పీఎన్‌గా (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సుగా) చేస్తున్నారు, మీవారికి డాలస్‌లో ఉద్యోగం వచ్చింది, నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష మళ్ళీ రాయాలా అని అడిగారు. రాయక్కర్లేదండీ, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. ఎల్‌పీఎన్‌లు రాసే ఎన్‌క్లెక్స్-పీఎన్ ఒకసారి పాసైతే చాలు. అలాగని ఇల్లినాయ్ లైసెన్సుతో టెక్సస్‌లో ఒక్క షిఫ్టు కూడా చేయకూడదు. ఒకే లైసెన్సుతో అన్నిచోట్లా పని చేసుకునేలా 40కి పైగా రాష్ట్రాలు కలిసి పెట్టుకున్న నర్సింగ్ కాంపాక్ట్ అనే ఒప్పందంలో టెక్సస్ ఉంది, ఇల్లినాయ్ లేదు. అందుకని మీరు ఎండార్స్‌మెంట్ పద్ధతిలో, అంటే ఇప్పుడున్న లైసెన్సు ఆధారంగా, టెక్సస్ నర్సింగ్ బోర్డుకు కొత్తగా అప్లై చేయాలి. అక్కడ మనల్ని ఎల్‌పీఎన్ అనరు, ఎల్‌వీఎన్ (లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్సు) అంటారు. పని అదే, ఉద్యోగాలు వెతికేటప్పుడు ఆ పేరుతో వెతకండి.

నేనూ ఇదే దారిలో వచ్చాను. అప్లికేషన్ ఆన్‌లైన్‌లో ఒక సాయంత్రంలో అయిపోయింది. పాత లైసెన్సు వెరిఫికేషన్, నర్సుల లైసెన్సులు సరిచూసే నర్సిస్ (Nursys) సైటులో 30 డాలర్లు కట్టి పంపించాను. టెక్సస్ చట్టాల మీద జ్యూరిస్‌ప్రూడెన్స్ పరీక్ష ఒకటుంది. ఇంట్లో కూర్చుని, చూసుకుంటూ రాసేదే. పిల్లలు పడుకున్నాక రాశాను, భయపడాల్సిందేమీ లేదు.

నన్ను ఏడిపించింది పేరు. ఇల్లినాయ్ లైసెన్సు మీద పుట్టింటి ఇంటిపేరు ఉంది. తర్వాత తీసుకున్న కార్డులన్నిటి మీదా మావారి ఇంటిపేరు. అప్లికేషన్ కొత్త పేరుతో, వెరిఫికేషన్ పాత పేరుతో వెళ్ళడంతో ఫైలు ఆగిపోయింది. పెళ్ళి సర్టిఫికెట్ కావాలన్నారు. అదేమో తెనాలిలో అమ్మ బీరువాలో ఉంది. వాట్సాప్ వీడియోలో అమ్మ ఒక్కో కవరూ తీసి చూపిస్తుంటే, ఇక్కడ అర్ధరాత్రి నేను "అది కాదమ్మా, కింద ఉన్నది" అంటూ కూర్చున్నాను. దొరికి, తమ్ముడు స్కాన్ చేసి పంపేసరికి మూడు వారాలు గడిచాయి. చేరాల్సిన నర్సింగ్ హోమ్ వాళ్ళు ఆగలేక వేరేవాళ్ళను తీసుకున్నారు. ఆ రోజు చాలా బాధపడ్డాను. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందు, ఒకరికి వెనక, కొందరికి అసలే ఉండదు. అందుకే లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు మూడూ ఈ రోజే పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. తేడా ఉంటే ఇల్లినాయ్‌లో ఉండగానే సరిచేయించుకోండి.

రెండోది, లైసెన్సు ఇచ్చేముందు నేరచరిత్ర చూడ్డానికి అడిగే వేలిముద్రలు. రోజూ పదులసార్లు చేతులు కడిగి, శానిటైజర్ రాసి మన వేళ్ళు అరిగిపోతాయి. ముద్రలు తీసే చోట ఉన్నామె నా బొటనవేలు గాజు మీద పెట్టి, తుడిచి, మళ్ళీ పెట్టి, నాలుగైదుసార్లు చూసింది. అయినా ముద్రలు సరిగ్గా రాలేదని తర్వాత తిరిగొచ్చాయి, రెండోసారి వెళ్ళాను. వారం ముందు నుంచే రాత్రిపూట చేతులకు క్రీమో కొబ్బరినూనో రాసుకోండి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, ముద్రలు కుదరకపోతే ఫైలు కదలదు.

ఇల్లు మారేదాకా ఆగకండి, ఇప్పుడే అప్లై చేయండి. అర్హతలు సరిపోతే టెక్సస్ బోర్డు 120 రోజుల పాటు చెల్లే తాత్కాలిక లైసెన్సు ఇస్తుంది, అది చేతికొచ్చాకే చేరే తేదీ ఒప్పుకోండి. టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సు తీసుకుని అదే మీ నివాస రాష్ట్రమని చూపిస్తే కాంపాక్ట్ రాష్ట్రాలన్నిటిలో చెల్లే మల్టీస్టేట్ లైసెన్సుకు అర్హత వస్తుంది, దాంతో ఓక్లహోమా, లూసియానాల్లోనూ చేసుకోవచ్చు. ఇల్లినాయ్‌లో మాత్రం అది చెల్లదు కాబట్టి, తిరిగి వెళ్ళే ఆలోచన ఏమాత్రం ఉన్నా పాతది రెన్యూ చేయిస్తూ ఉండండి.

న్యూజెర్సీ, జార్జియా లాంటి కాంపాక్ట్ రాష్ట్రాల నుంచి మల్టీస్టేట్ లైసెన్సుతో వచ్చేవాళ్ళకు ఇంత ఇబ్బంది లేదు. వచ్చాక 60 రోజుల్లో కొత్త రాష్ట్రంలో అప్లై చేస్తే చాలు, ఈలోపు పని చేసుకోవచ్చు.

మీ లైసెన్సు మీద ఏ ఇంటిపేరు ఉందో చెప్పలేదు. పెళ్ళికి ముందుదైతే సర్టిఫికెట్ ఎక్కడుందో ఈ రోజే ఇంటికి ఫోన్ చేసి కనుక్కోండి.