పొలిమేర దాటని ఊరు

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌లో చదువుతున్నాడు. ఆగస్టు చివర్లో మేం వెళ్తున్నాం. దగ్గర్లో ‘ఈమ్’ అని ఒక పారిష్ ఉంది, తప్పకుండా చూడాలి అంటున్నాడు. అంత ఖర్చు పెట్టుకుని వెళ్లి పల్లెటూరు చూడ్డమేంటండీ? అసలు పారిష్ అంటే చర్చా, పంచాయతీయా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: రెండూనండీ. ఒకప్పుడు ఒక చర్చి కిందికి వచ్చే ఊరూ పొలాలూ అన్నీ కలిపి పారిష్. 1894 చట్టంతో ఊరి పనులు చర్చి చేతిలోంచి ఎన్నికైన కౌన్సిల్‌కి వెళ్లాయి కాబట్టి, ఇప్పుడు దాన్ని మన పంచాయతీకి తమ్ముడనుకోండి.

ఇక ఈమ్ సంగతి. మీవాడు చెప్పింది వినండి, లండన్ కంటే ముందు అక్కడికే వెళ్లమంటాను నేనైతే. 1665లో లండన్ నుంచి ఆ ఊరి దర్జీ ఇంటికి గుడ్డల మూట వచ్చింది, తడిగా ఉందని పనివాడు జార్జ్ వికర్స్ దాన్ని మంట దగ్గర ఆరేశాడు, అందులో ప్లేగు మోసే గోమార్లు ఉన్నాయంటారు. సెప్టెంబర్‌లో మొదట పోయింది అతనే. మరుసటి జూన్‌కి పాదిరి మాంపెసన్ ఊరివాళ్లను ఒప్పించాడు, ఎవరూ పొలిమేర దాటకూడదని. ఆయన ఊరికి కొత్త, జనానికి పెద్దగా నమ్మకం లేదు, అందుకని అంతకుముందు పదవి పోగొట్టుకున్న పాత పాదిరి స్టాన్లీని కలుపుకున్నాడు. (తన పిల్లల్ని మాత్రం ముందే బయటికి పంపేశాడు, ఆ మాట కూడా చెప్పుకోవాలి. భార్య క్యాథరిన్ వెళ్లలేదు. ఆగస్టులో ఆమే పోయింది, సమాధి చర్చి ఆవరణలో ఉంది.)

మన సికింద్రాబాద్‌లో 1813 గత్తర (కలరా) కథ మీకు తెలిసిందేగా, అమ్మవారికి మొక్కుకుని రోగాన్ని ఊరు దాటించమని వేడుకున్నాం. వీళ్లు దాన్ని బయటికి పోనివ్వకుండా తమ దగ్గరే ఉంచుకున్నారు. 1666 నవంబర్‌కి అది ఆగేసరికి దాదాపు 260 మంది పోయారు.

చర్చి ముందున్న రాతి శిలువ 8వ శతాబ్దం నాటిది, చూడండి, కానీ అక్కడే ఆగిపోకండి. ఊరి బయట పొలంలో రైలీ సమాధులున్నాయి, రైలీ అనేది ఆ పొలం పేరు. హాంకాక్ అనే ఆవిడ ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ తనే గొయ్యి తీసి పూడ్చుకుంది. చుట్టూ చిన్న రాతిగోడ, అంతే. అక్కడ నేనేం చెప్పినా ఎక్కువే.

కక్‌లెట్ డెల్ఫ్ అనే లోయలో ఆరుబయట ప్రార్థనలు జరిగేవి, గుమిగూడితే అంటుకుంటుందని చర్చి మూసేశారు. ఆగస్టు ఆఖరి ఆదివారం ఇప్పటికీ ఆ రోజుల్ని తలుచుకుంటారు, మీ తేదీలు కుదిరితే అదృష్టమే.

పొలిమేర రాయి మాత్రం వదలొద్దు. స్టోనీ మిడిల్‌టన్ వైపు పొలాల్లోంచి నడవాలి, చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి, వానపడితే జారుతుంది. పెద్ద బండ, దానికి ఆరు కన్నాలు. రోగం అంటకుండా వాటిలో వెనిగర్ పోసి డబ్బులు వేసేవారు, పక్క ఊరివాళ్లు సరుకులు అక్కడ దించి ఆ డబ్బులు తీసుకుని పోయేవారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. వెళ్లినవాళ్లు ఇప్పటికీ ఆ కన్నాల్లో చిల్లర పెట్టి వస్తుంటారు. మీ పర్సులో ఒక రూపాయి బిళ్ల ఉంచుకోండి.