టెక్ సందేహాలు: సోలార్ ఎన్ని కిలోవాట్లు పెట్టించాలి?

ప్రశ్న: మాది అనంతపురం. కరెంటు నెలకు 230 యూనిట్లు కాలుతుంది. ఎండాకాలం నాలుగు నెలలూ ఏసీ వల్ల 370 దాకా పోతుంది. మిద్దె మీద 500 చదరపు అడుగుల జాగా ఉంది కాబట్టి 5 కిలోవాట్లు పెట్టించుకోమని డీలర్ అంటున్నాడు. అంత అవసరమా?

జవాబు: అవసరం లేదండీ, 3 కిలోవాట్లు చాలు. జాగాను బట్టి కాదు, కరెంటు బిల్లులను బట్టి లెక్క వేసుకోవాలి. మీ ఏడాది వాడకం 3,320 యూనిట్లు, అంటే నెలకు సగటున 277. ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సుమారు 4 యూనిట్లు, నెలకు 120 ఇస్తాయి. ఆ లెక్కన మీకు కావాల్సింది 2.3 కిలోవాట్లే.

మరి 3 ఎందుకంటే, మన సీమ ఎండ వల్లే. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఏప్రిల్, మే నెలల్లో ప్యానెల్ 60 డిగ్రీలు దాటి కాలిపోతుంటుంది. 25 దాటాక ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. మీ ఏసీ గట్టిగా తిరిగే నెలల్లోనే ఈ దెబ్బ పడుతుంది. దుమ్ము సంగతి సరేసరి. అందుకే ప్యానెళ్లను స్లాబుకు ఆనించకుండా, కింద గాలి ఆడేలా ఎత్తులో, దక్షిణం వైపు 15 డిగ్రీల వాలుతో బిగించమనండి. బిగించే ముందు ఉదయం తొమ్మిదికి ఒకసారి, సాయంత్రం నాలుగుకు ఒకసారి మిద్దె ఎక్కి వాటర్ ట్యాంక్ నీడ ఎక్కడ పడుతోందో చూడండి. ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా దాంతో వరుసగా కలిపిన మిగతావాటి ఉత్పత్తీ పడిపోవచ్చు.

సబ్సిడీ కూడా 3 దగ్గరే ఆగుతుంది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి 2 కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేలు ఇస్తారు. ఆపైన ఎన్ని కిలోవాట్లు పెట్టినా రూపాయి కూడా పెరగదు. 5 కిలోవాట్లు పెడితే సగానికి పైగా కరెంటు గ్రిడ్‌కు, అంటే కరెంటు సంస్థ లైన్లకు పోతుంది. దానికి, ఎక్కువ యూనిట్లు కాల్చినప్పుడు మీరు బిల్లులో కట్టే పై రేటు రాదు. వచ్చే ఏడాది రెండో ఏసీ కొనే ఆలోచన ఉంటే మాత్రం అప్పుడు 4 కిలోవాట్ల గురించి ఆలోచించవచ్చు.

ఇంకో మాట. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపే ఆన్‌గ్రిడ్ సిస్టమ్, కరెంటు పోతే మిట్టమధ్యాహ్నమైనా ఆగిపోతుంది. లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా తయారుచేస్తారు. కోతల టెన్షన్ ఉంటే బ్యాటరీ కూడా పెట్టుకునే వీలున్న హైబ్రిడ్ ఇన్వర్టర్ అడగండి.

ప్రశ్న: ప్రొద్దుటూరులో టైలరింగ్ షాపు నాది. రోజూ 4 గంటలు రెండు ఫ్యాన్లు, రెండు 20 వాట్ల ట్యూబ్‌లైట్లు సోలార్ మీదే నడవాలి. 100 వాట్ల ప్యానెల్, 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న కిట్ సరిపోతుందా?

జవాబు: బ్యాటరీ సరిపోతుంది, ప్యానెలే చాలదు. మామూలు 75 వాట్ల ఫ్యాన్లయితే మీ వాడకం రోజుకు 760 వాట్ అవర్లు (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్). 100 వాట్ల ప్యానెల్ రోజుకు ఇచ్చేది 400, అందులోనూ బ్యాటరీ, ఇన్వర్టర్ కొంత తినేస్తాయి. ప్యానెళ్లు 300 వాట్లకు తగ్గకూడదు. అంతకంటే ఫ్యాన్లు మార్చడం మంచిది. తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే వాడకం 400కు దిగుతుంది, అప్పుడు 160 వాట్ల ప్యానెల్ ఒక్కటి, 100 ఏహెచ్ బ్యాటరీ చాలు. ఇళ్లకు వాడే పెద్ద ప్యానెల్ ఇస్తామంటే, ప్యానెల్ నుంచి బ్యాటరీకి చార్జింగ్‌ను అదుపు చేసే కంట్రోలర్ ఎంపీపీటీ రకమేనా అని అడగండి. మామూలు పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్‌తో ఆ ప్యానెల్‌ను 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే సగానికి పైగా కరెంటు వృథా అవుతుంది.